ఉట్టి నుంచి పిల్లి చెట్టు దాకా

పోయిన నెల మా ఇంట్లో ఒక పంచాయితీ నడిచింది. ఒక పక్క మా అత్తమ్మ, ఇంకో పక్క పిల్లి, మధ్యలో నేను.

మా అమ్మాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తూ తను పెంచుకున్న బుజ్జిని సూర్యాపేటలో మా దగ్గర వదిలింది. వారం తిరక్కుండానే అది అత్తమ్మ టేకు సందుగను గోళ్లతో గీరేసింది. ఆ సందుగ అత్తమ్మ పెళ్లప్పుడు మిర్యాలగూడ దగ్గర పుట్టింటి నుంచి ఎడ్లబండి మీద వచ్చింది. ఇప్పుడు అందులో మామయ్య పంచెలు రెండు, పాత పట్టుచీర ఒకటి తప్ప ఏం లేవు. అయినా రోజూ ఒకసారి తెరిచి చూసుకుంటుంది. గీతలు చూసి అత్తమ్మ అరవలేదు. "దాన్ని యాడనన్న ఇచ్చిరాండి" అని మాత్రం అన్నది. అరిచినా బాగుండేది.

అమ్మాయికి ఫోన్ చేస్తే ఒకటే ఏడుపు. మూడో రోజు పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో పిల్లి చెట్టు ఉంది. అంటే పిల్లి ఎక్కడానికి, గీరుకోవడానికి, పడుకోవడానికి అంతస్తులుగా ఉండే సామాను. అన్నీ విడి ముక్కలే, మనమే బిగించుకోవాలి.

"పిల్లికి ఫర్నిచరా!" అని అత్తమ్మ ముక్కున వేలేసుకుంది. ఆమెను తప్పుపట్టలేం. మన ఇళ్లలో ఇన్నాళ్లూ సామాను చేసిందే పిల్లికి అందకుండా. పాలకుండ, పెరుగుముంత, నేతిగిన్నె ఉట్టి మీద ఉండేవి. తర్వాత జాలీ తలుపుల అల్మరాలు వచ్చాయి. పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్న సామెత ఊరికే పుట్టలేదు. అయితే అదే ఇంట్లో వడ్ల గుమ్మి దగ్గర ఎలుకలు పట్టడానికి పిల్లి కావాలి. ఉట్టి దగ్గర దొంగ, గుమ్మి దగ్గర కాపలాదారు.

మనిషికీ పిల్లికీ పొత్తు కుదిరిందే గింజల దగ్గర. పశ్చిమాసియాలో వ్యవసాయం మొదలై ధాన్యం నిల్వచేశాక ఎలుకలు, వాటి వెనక అడవిపిల్లులు ఊళ్లోకి వచ్చాయని పరిశోధకులు చెబుతారు. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో ప్రకటించారు. మా వైపు సంగతే చూడండి. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలువల్లోకి వదిలారు. ఎడమ కాలువ కింద కోదాడ, మిర్యాలగూడ వైపు వరి పెరిగింది. మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఊరైంది. వడ్లున్న చోట పిల్లికి పనికి కొదవ ఉండదు.

ఆ పని మాని పిల్లి పూర్తిగా గదుల్లో ఉండటం ఈమధ్య సంగతే. 1947లో అమెరికాలో ఎడ్వర్డ్ లోవ్ అనే ఆయన పిల్లుల దొడ్డికి బూడిద, ఇసుక బదులు తేమ పీల్చే మట్టి ఇచ్చి, దాన్నే వ్యాపారం చేశాడు. దాంతో పిల్లిని రోజంతా లోపలే ఉంచుకోవడం సులువైంది. లోపలుంటే దానికి చెట్టు లేదు, గోడ లేదు. గీరడం దానికి పొగరు కాదు. గోటి పై పొర ఊడాలి, ఒళ్లు సాగాలి, పాదాల వాసన అంటించి 'ఇది నా చోటు' అనుకోవాలి. కొత్త ఇంటికి వచ్చిన జీవం కదా!

ఇక బిగింపు సంగతి. విడి ముక్కల సామాను కొత్తదేం కాదు. ఆస్ట్రియాలో మైకేల్ తోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీలో ఆరు చెక్కముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లే. విడదీస్తే ఒక్క ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. స్వీడన్ కంపెనీ ఐకియా 1956 నుంచి ఈ దారి పట్టింది. మన దేశంలో వాళ్ల మొదటి దుకాణం 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లోనే తెరిచారు.

మాకొచ్చింది వేరే కంపెనీ పెట్టె. కాగితం మీద బొమ్మలే తప్ప అక్షరం లేదు. మొదటి స్తంభం నిలబెట్టి ఎల్ ఆకారపు తాళంతో గట్టిగా తిప్పాను. రెండోది, మూడోది అలాగే. నాలుగోదాని రంధ్రం వేలెడు పక్కకు పోయింది. ఎంత నొక్కినా కలవదు. మధ్యాహ్నమంతా దానితోనే గడిచింది.

మంచం మీంచి చూస్తున్న అత్తమ్మ చివరికి నోరు విప్పింది. "పిల్లా, ఎన్నడన్న మంచం బిగిచ్చినవా? ఒక్క కోడు ముందే బిగిస్తే తక్కినయి కూసోవు. అన్ని వదులుగ పెట్టి, నిలవెట్టి, అప్పుడు సుట్టూ బిగియ్యాలె."

నిజమే కదా! నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు విప్పి బండికెక్కించి, ఇంకో ఊళ్లో మళ్లీ బిగించుకున్న తరం వాళ్లది. మేకు కూడా లేకుండా. అన్నీ ఊడదీసి ఆమె చెప్పినట్టే చేశాను. పావుగంటలో నిలబడింది.

అత్తమ్మ లేచి వచ్చి స్తంభానికి చుట్టిన తాడు తడిమింది. "ఇది కిత్తనార గాదె! మా నాయిన దీంతోనే ఉట్టి అల్లేటోడు." అవును, కంపెనీవాళ్లు సిసల్ అనేది దీన్నే. మెక్సికోలో యూకటాన్ తీరంలో ఉన్న ఓడరేవు పేరది. పిల్లికి పాలు అందకుండా వేలాడిన నారే ఇవాళ పిల్లి గోళ్ల కోసం మా ఇంటికి వచ్చింది.

రెండు రోజులు బుజ్జి దాని వంక చూడలేదు. "మూలకెందుకు పెట్టిన్రు, సందుగ పక్కన పెట్టుండ్రి" అన్నది అత్తమ్మ. పెట్టాం. ఆ రాత్రే కిత్తనార మీద గోళ్ల చప్పుడు వినిపించింది.

సందుగకు పాలిష్ పెట్టిస్తానని మా ఆయన అంటే అత్తమ్మ వద్దంది. ఆదివారం అమ్మాయి ఫోన్ చేసి భయపడుతూ పిల్లి సంగతి అడిగింది. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని అత్తమ్మే చెప్పింది: "ఈడనే ఉంటది. నువ్వే ఎప్పుడొస్తవో చెప్పు."