అల్లం బిస్కెట్: మారిన సరుకులు, మారని పాళ్లు

అల్లం బిస్కెట్‌కు మూలపాఠం అని చెప్పదగినది ఏదీ లేదు. ఐరోపాలో తేనె, రొట్టె పొడితో మొదలైన ఈ తినుబండారం కాలక్రమంలో మైదాను, ట్రీకిల్ అనే నల్లటి చక్కెర పాకాన్ని, వెన్నను, వంటసోడాను తనలో కలుపుకొని నేటి రూపానికి వచ్చింది. ఇప్పుడు ఆరోగ్య దృష్టితో దీన్ని ఇళ్లలో చేసుకునేవారు చక్కెరకు బదులు బెల్లాన్ని, మైదాకు బదులు గోధుమపిండినో రాగిపిండినో, వెన్నకు బదులు నూనెను వాడుతున్నారు. ఇది సంప్రదాయాన్ని తప్పడమని కొందరికి, సరికొత్త ఆవిష్కరణ అని మరికొందరికి తోచవచ్చు గాని, ఒక సరుకు స్థానంలో మరొక సరుకును నిలపడమే ఈ బిస్కెట్ చరిత్ర పొడవునా జరిగిన పని. ఆ చరిత్రలో గమనించదగిన విశేషం మరొకటి ఉంది: సరుకులు ఎన్నిసార్లు మారినా, పిండికీ తీపికీ మధ్య ఉన్న పాళ్లు మాత్రం చాలాకాలంగా పెద్దగా కదలలేదు. నేటి ప్రత్యామ్నాయాలు ఎంతవరకు ఆరోగ్యకరమో తేల్చడానికి ఈ రెండో విషయమే ఎక్కువగా పనికివస్తుంది.

అల్లం అడవి మొక్కగా ఎక్కడా కనిపించదు. ఆగ్నేయాసియా ప్రాంతంలో మనుషులు దుంప ముక్కలను నాటుకుంటూ పెంచి, వలసల్లో వెంట తీసుకుపోయిన పంట ఇది. క్రీ.శ. 1వ శతాబ్ది నాటికే ఇది ఎర్రసముద్రం మీదుగా రోమన్ సామ్రాజ్యానికి చేరుతుండేది. ఆ కాలపు రచయిత ప్లినీ దాని ధరను కూడా నమోదు చేశాడు. నెలల తరబడి సాగే ఓడ ప్రయాణంలో పచ్చి అల్లం కుళ్లిపోతుంది కనుక పడమటి దేశాలకు ప్రధానంగా శొంఠే ఎగుమతి అయ్యేది. అల్లం ఎండినప్పుడు ఘాటు తగ్గదు సరికదా, దాని స్వభావమే మారుతుంది: పచ్చి అల్లంలో మంటను కలిగించే జింజెరాల్ అనే రసాయనం ఎండే క్రమంలో నీటి అణువును కోల్పోయి షోగావోల్‌గా మారుతుంది, ఇది మొదటిదాని కంటే మరింత ఘాటైనది. అల్లం బిస్కెట్‌లో నేటికీ శొంఠి పొడినే వాడటం వెనుక ఈ వాణిజ్య చరిత్ర ఉండగా, పచ్చి అల్లంలోని తేమ బిస్కెట్‌ను మెత్తబరుస్తుందన్న వంటింటి కారణం దానికి తోడైంది.

ఇంగ్లండులో 15వ శతాబ్ది తొలి సగానికి చెందిన ఒక రాతప్రతిలో అల్లం బిస్కెట్‌కు పూర్వరూపమైన జింజర్‌బ్రెడ్ తయారీ విధానం కనిపిస్తుంది. ఒక క్వార్టు తేనెను, అంటే సుమారు ఒక లీటరు తేనెను మరిగించి, పైకి తేలిన మురికిని తీసివేసి, అందులో కుంకుమపువ్వు, మిరియాల పొడి వేసి, తురిమిన రొట్టెను ముద్ద గట్టిపడేదాకా కలిపి, దాల్చినచెక్క పొడి చల్లి, చతురస్రాకారంలో ఒత్తి, ముక్కలుగా కోసి, పైన బాక్స్ అనే పొద ఆకులను లవంగాలతో గుచ్చి అలంకరించాలని అందులో ఉంది. ఇందులో పచ్చి పిండి లేదు, కాల్చే పని లేదు, పొంగించే పదార్థం లేదు. అన్నిటికన్నా విచిత్రంగా అల్లమే లేదు. ఇది నకలు రాసినవారి పొరపాటని కొందరు పరిశోధకులు భావిస్తారు. అదే పాఠం ముద్ద ఎర్రగా ఉండాలనుకుంటే రక్తచందనం పొడి కలపమని చెబుతుంది. మధ్యయుగపు ఐరోపా వంటశాలల్లో రంగు కోసం వాడిన ఈ కలప ఎర్రచందనం. అది సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ముఖ్యంగా నేటి కడప, చిత్తూరు ప్రాంతాల కొండల్లో మాత్రమే. ఆ విధంగా శేషాచలం చుట్టుపక్కల అడవుల సరుకు ఇంగ్లిషువారి జింజర్‌బ్రెడ్‌కు రంగునిచ్చింది.

ఆ కాలంలో ఈ తీపిముద్దను చిరుతిండిగానే కాక జీర్ణానికి మందుగా కూడా తినేవారు. శరీరంలో వేడి, చల్లదనం, తేమ, పొడితనం అనే గుణాల సమతూకమే ఆరోగ్యమని నమ్మిన నాటి వైద్యం అల్లాన్ని వేడి చేసే పదార్థాల్లో చేర్చి, భారీ భోజనం తరవాత కడుపుకు మేలు చేస్తుందని చెప్పింది. ఖరీదైన చక్కెర కూడా అప్పుడు మందుల అంగట్లో దొరికే సరుకే. తెలుగు ఇళ్లలో అజీర్ణానికి ఇచ్చే అల్లం మురబ్బా, అంటే అల్లాన్ని తీపి పాకంలో ఉడికించి ముక్కలుగా కోసిన మిఠాయి, ఈ పాత జింజర్‌బ్రెడ్‌కు నేటి బిస్కెట్ కన్నా దగ్గరి పోలిక కలిగి ఉంది. కాబట్టి ఆరోగ్యం అన్న మాట ఈ తినుబండారానికి ఆధునికులు తగిలించినది కాదు. మొదట ఆరోగ్యం పేరుతోనే తిన్న తీపి, కొన్ని శతాబ్దాల తరవాత అదే ఆరోగ్యం పేరుతో అనుమానానికి గురైంది.

జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరం చుట్టూ ఉన్న అడవుల్లో తేనె సమృద్ధిగా దొరకడం, మసాలా దినుసుల వర్తక మార్గాలు ఆ నగరంలో కలవడం వల్ల అక్కడ లెబ్‌కూహెన్ అనే తేనె రొట్టె ప్రసిద్ధి పొందింది; 1643లో దాన్ని చేసేవారికి ప్రత్యేక వృత్తి సంఘం కూడా ఏర్పడింది. ఇంగ్లండు మాత్రం తేనెను క్రమంగా వదిలేసింది. 17వ శతాబ్దిలో వెస్టిండీస్ తోటల నుంచి ముడి చక్కెర దిగుమతి పెరిగి, ఆ దేశంలోనే శుద్ధి కర్మాగారాలు వెలిసినప్పుడు, చక్కెర తీయగా మిగిలే చిక్కటి నల్లటి పాకం చవకగా దొరకసాగింది. ట్రీకిల్ అని పిలిచే ఈ పాకం తేనె స్థానాన్ని ఆక్రమించడంతో జింజర్‌బ్రెడ్ ధనికుల బల్ల మీద నుంచి సంతల్లోకి, తిరునాళ్లలోకి దిగివచ్చింది. దాదాపు ఇదే కాలంలో రొట్టె పొడి పోయి గోధుమపిండి, వెన్న వచ్చాయి. కలిపి కోసే ముద్ద కాస్తా భట్టీలో కాల్చే పదార్థమైంది.

1747లో హన్నా గ్లాస్ ప్రచురించిన వంటల పుస్తకంలో ఈ కొత్త రూపం స్పష్టంగా కనిపిస్తుంది. మూడు పౌన్ల పిండిలో పౌను వెన్నను పొడిపొడిగా రుద్ది, పౌను చక్కెర, రెండు ఔన్సుల శొంఠి పొడి, ఒక పెద్ద జాజికాయ తురుము కలిపి, పౌను ట్రీకిల్‌ను పావు పింటు మీగడతో గోరువెచ్చగా చేసి పోసి, గట్టిగా తడిపి, పలచగా ఒత్తి, టీకప్పుతోనో చిన్న గ్లాసుతోనో బిళ్లలుగా కోయాలని, లేదా గింజల్లా గుండ్రంగా చేయాలని, సన్నని సెగ మీద రేకు పళ్లాల్లో కాల్చాలని ఆమె రాసింది. నేటి లెక్కకు మారిస్తే 100 గ్రాముల పిండికి వెన్న, చక్కెర, ట్రీకిల్ తలా 33 గ్రాములు, శొంఠి 4 గ్రాములు అవుతాయి. తీపి పదార్థాలు రెంటినీ కలిపితే పిండి బరువులో మూడింట రెండు వంతులు. నేడు అచ్చవుతున్న అల్లం బిస్కెట్ పాఠాలు అనేకం ఇదే పరిధిలో ఉండటం యాదృచ్ఛికం కాదు. అందుకు కారణం బిస్కెట్ నిర్మాణంలో ఉంది.

18వ శతాబ్ది చివర ఈ చక్కెర మీదే పెద్ద వివాదం చెలరేగింది. వెస్టిండీస్ చక్కెర ఆఫ్రికన్ బానిసల శ్రమతో తయారవుతుందని తెలిసి కూడా బానిస వ్యాపార నిషేధ బిల్లును 1791లో బ్రిటిష్ పార్లమెంటు తిరస్కరించగా, ఆ చక్కెరను కొనవద్దని పిలుపునిస్తూ విలియం ఫాక్స్ అదే ఏడాది వెలువరించిన కరపత్రం విస్తృతంగా చదివారు. ఎన్నో కుటుంబాలు చక్కెరను మానేశాయి, కొన్ని తూర్పు ఇండియా చక్కెరకు మారాయి. ఆరోగ్యం కోసం కాక మనస్సాక్షి కోసం సరుకు మార్చిన సందర్భమిది. అప్పటికి సామర్లకోటలో తోట నడుపుతూ వృక్షశాస్త్ర పరిశోధనలు చేస్తున్న ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, రాజమహేంద్రవరం సర్కారులో రైతులు చెరకు పండించే తీరును, పంచదార, బెల్లం తీసే విధానాన్ని వివరిస్తూ, ఈ సాగును పెంచితే కలిగే లాభాలను ఎత్తిచూపుతూ ఒక వ్యాసం రాశాడు. అది 1790లలో అచ్చయింది. లండన్ వంటింట్లో చక్కెర మారితే గోదావరి జిల్లాల చెరకు తోటల లెక్కలు కూడా మారే కాలం అది.

బిస్కెట్‌ను పొంగించే పదార్థాల చరిత్ర ఇంతకన్నా ఆలస్యంగా మొదలైంది. కట్టె బూడిద నుంచి తీసి శుద్ధి చేసిన పెర్ల్‌యాష్ అనే క్షారాన్ని 1796లో అమెరికాలో అచ్చయిన అమీలియా సిమన్స్ పుస్తకం జింజర్‌బ్రెడ్‌లో వేయమంది. ట్రీకిల్‌లో సహజంగా ఉండే ఆమ్లం ఈ క్షారంతో కలిసి బొగ్గుపులుసు వాయువును విడుదల చేయడం వల్ల బిస్కెట్ గుల్లబారుతుంది. 19వ శతాబ్ది నడుమ వంటసోడా పరిశ్రమగా ఎదిగి పెర్ల్‌యాష్‌ను తొలగించింది. అల్లం బిస్కెట్ పైన కనిపించే పగుళ్లు, ముదురు గోధుమ రంగు చాలావరకు సోడా చలవే. బర్మింగ్‌హామ్ ఔషధ వ్యాపారి ఆల్ఫ్రెడ్ బర్డ్ భార్యకు ఈస్ట్, గుడ్లు పడకపోవడంతో 1843లో ఈస్ట్ అవసరం లేని బేకింగ్ పౌడర్‌ను రూపొందించడం, ఆరోగ్య కారణంతో ఇంట్లో చేసిన మార్పు మార్కెట్‌ను మార్చిన తొలి ఉదాహరణల్లో ఒకటి. మన బేకరీల్లో అమోనియా అని పిలిచే అమ్మోనియం బైకార్బొనేట్ కూడా ఈ కోవలోనిదే. పలచని బిస్కెట్లలో దాని వాయువు కాల్చేటప్పుడే పూర్తిగా బయటికి పోతుంది కనుక వాసన మిగలదు, మందపాటి కేకుల్లో మాత్రం పనికిరాదు.

కొవ్వు పదార్థాల విషయంలో మార్పు యుద్ధం వల్ల, కొరత వల్ల వచ్చింది. ఫ్రాన్స్‌లో సైన్యానికి, పేదలకు వెన్న బదులు చవకైన పదార్థం కావాలన్న 3వ నెపోలియన్ కోరికకు ఫలితంగా 1869లో మార్జరిన్ పుట్టింది. 1940 జనవరి 8న బ్రిటన్‌లో వెన్న, చక్కెరలపై రేషన్ మొదలయ్యాక గృహిణులు ఉన్నదాంతోనే బిస్కెట్లు చేసుకోవలసి వచ్చింది. చక్కెర రేషన్ 1953 దాకా సాగింది. భారతదేశంలో నెయ్యికి బదులుగా 1937లో మార్కెట్లోకి వచ్చిన డాల్డా, ద్రవంగా ఉండే నూనెలకు హైడ్రోజన్ చేర్చి గట్టిపరచిన వనస్పతి. 1892లో కలకత్తాలో బ్రిటానియా వంటి సంస్థలతో మొదలైన ఫ్యాక్టరీ బిస్కెట్, పట్టణాల్లో విస్తరించిన చిన్న బేకరీల బిస్కెట్ ప్రజలకు అలవాటైన దశాబ్దాల్లోనే వనస్పతి కూడా చవక సరుకుగా వ్యాపించింది. హైడ్రోజన్ చేర్చే ప్రక్రియలో పుట్టే ట్రాన్స్ కొవ్వులు గుండెజబ్బులకు దోహదపడతాయని తేలడంతో, నూనెలు, కొవ్వుల్లో వాటి వాటా 2 శాతానికి మించకూడదని 2022 జనవరి నుంచి భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన అమల్లోకి తెచ్చింది. ఒకనాటి చవకైన ప్రత్యామ్నాయం మరొకనాటి ప్రమాదమైన ఈ ఉదంతం, ప్రత్యామ్నాయాలన్నిటినీ పరీక్షించి చూడవలసిన అవసరాన్ని గుర్తుచేస్తుంది.

ఆ దృష్టితో చూస్తే, చక్కెరకు బదులు బెల్లం వాడటం వల్ల కలిగే లాభం పరిమితం. బెల్లంలో కొద్దిపాటి ఇనుము, ఇతర ఖనిజాలు ఉన్నా, అందులో అత్యధిక భాగం చక్కెరే. గ్రాముకు వచ్చే శక్తిలో రెంటికీ తేడా స్వల్పం, మధుమేహం ఉన్నవారికి రెండూ ఒకటే. పైగా చూడటానికి పసుపుపచ్చగా ఉన్న బెల్లానికే మార్కెట్లో గిరాకీ ఉండటంతో కొన్నిచోట్ల రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు; ఆరోగ్యం కోసం బెల్లం కొనేవారు ముదురు రంగు సరుకును ఎంచుకోవలసింది ఇందుకే. రుచిలో మాత్రం బెల్లం పాత ట్రీకిల్ లోటును తీరుస్తుంది. దానిలోని స్వల్ప ఆమ్లగుణం సోడాను పనిచేయిస్తుంది, తేమను పట్టి ఉంచే స్వభావం వల్ల బిస్కెట్ కరకరలాడక కొంచెం సాగుతుంది. రాగిపిండి లాభం ఇంతకన్నా గట్టిది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, గోధుమపిండిలో 31 మిల్లీగ్రాములే ఉంది. అయితే పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ రాగుల్లో లేదు కనుక రాగిపిండి ఒక్కటే వాడితే బిస్కెట్ పొడిపొడిగా రాలిపోతుంది. సగానికి సగం గోధుమపిండి కలపడం ఇందుకే ఆచారమైంది. వెన్న బదులు నూనె వాడితే సంతృప్త కొవ్వు తగ్గుతుంది గాని, పిండిలో వెన్న పొరలు చేసే గుల్లతనం పోతుంది.

హన్నా గ్లాస్ నాటి పాళ్లు నేటికీ ఎందుకు నిలిచాయో ఇక్కడ తేలుతుంది. బిస్కెట్‌లో చక్కెర రుచి కోసమే కాదు; భట్టీలో కరిగి పిండిని పరుచుకునేలా చేసేది, చల్లారాక గట్టిపడి కరకరనిచ్చేది, రంగు తెచ్చేది అదే. దాన్ని సగానికి సగం తగ్గిస్తే మిగిలేది పాలిపోయిన గట్టి రొట్టెముక్క. కాబట్టి సరుకు మార్చడం ఎప్పుడూ సులభం, పాళ్లు మార్చడం ఎప్పుడూ కష్టం. అయినా తీపిని నాలుగో వంతు దాకా తగ్గించి, శొంఠిని ఆ మేరకు పెంచి, బిళ్లను పలచగా ఒత్తితే బిస్కెట్ చెడదు. ఘాటు పెరిగినకొద్దీ తీపి లోటు నాలుకకు తక్కువగా తెలుస్తుంది.

ఈ మార్పులకు కావలసిన ప్రధాన సరుకులన్నీ ఉత్తరాంధ్రలో ఒకదానికొకటి దగ్గరగానే దొరుకుతాయి: పాడేరు మన్యంలో అల్లం, అదే కొండల్లో అక్కడివారు చోళ్లు అని పిలిచే రాగులు, దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లిలో బెల్లం. అయితే గత ఆరువందల ఏళ్లలో ఏ సరుకు బిస్కెట్‌లో చేరాలో నిర్ణయించింది చాలాసార్లు ఓడలు, కర్మాగారాలు, రేషన్ కార్డులు, వనస్పతి ధరలు. చక్కెర బహిష్కరణ వంటి కొన్ని సందర్భాల్లోనే ఆ నిర్ణయం ఇంటివారి చేతిలో ఉండేది. నేడు అది విస్తృతంగా ఇంటివారి చేతికి వచ్చింది. ఆ స్వేచ్ఛ బెల్లం డబ్బా కొనడంతో ఆగిపోతే పాత చరిత్రే మరోసారి జరుగుతుంది. కొలత గిన్నెలో పోసే తీపి పరిమాణం దాకా వెళితేనే మార్పు నిజమవుతుంది.