మూడు పిట్టలు, ఒకే వంశం

ఆఫ్రికా కొండ అడవుల నీడల్లో, రాలిన ఆకుల మధ్య పురుగులు ఏరుకుతినే పిట్టలు మూడున్నాయి: స్పాట్-థ్రోట్, డాపుల్-థ్రోట్, గ్రే-చెస్టెడ్ కకమెగా. పాట చెవిన పడుతుంది కానీ పిట్ట కంటపడదు. ఈ మూడూ ఒకే వంశానివని తేలేసరికి నూరేళ్లు దాటాయి.

జర్మన్ శాస్త్రజ్ఞుడు రైఖెనో 1900లో కకమెగాను అలెతె ప్రజాతిలో చేర్చాడు. తర్వాతివాళ్లు దాన్ని బాబ్లర్లలోకి మార్చారు. స్పాట్-థ్రోట్‌కు కూడా ఆయనే 1906లో పేరు పెట్టాడు. 1952లో రిప్లీ దానికోసం మాడ్యులాట్రిక్స్ అనే ప్రజాతిని ఏర్పరిచాడు.

అందరినీ ఎక్కువగా తికమకపెట్టింది డాపుల్-థ్రోట్. మొజాంబిక్‌లోని నములి కొండపై దొరికిన ఈ పిట్టను జాక్ విన్సెంట్ 1933లో గ్రీన్‌బుల్‌గా, అంటే మన పిగిలిపిట్టల బంధువుగా వర్ణించాడు. అందులో ఆయన్ని తప్పుపట్టలేం. ఆలివ్ రంగు వీపు, లేత పసుపు పొట్ట చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. గొంతు, ఛాతీ మీద తడిసిన సిరాలా అలుముకున్న ఆలివ్ చారలే దాని అసలు గుర్తు. రెండేళ్లకే, అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉత్తరాన, టాంజానియాలోని అమానీ అడవిలో దొరికిన ఇదే పిట్టను స్క్లేటర్, మోరో కొత్త ఉపజాతిగా ప్రకటించారు. అప్పటికీ అది పిగిలిపిట్టల్లోనే ఉంది.

ఆ లెక్క తప్పని 1975లో బెన్సన్, ఇర్విన్ గట్టిగా వాదించారు. నా దృష్టిలో ఈ కథ మలుపు తిరిగింది అక్కడే. డీఎన్ఏ పరీక్షలు ఇంకా రాని రోజుల్లో, భద్రపరిచిన చర్మాలను ఓపిగ్గా పోల్చి చూసినవాళ్ల గెలుపది. 1978లో కకమెగాకు, 1986లో డాపుల్-థ్రోట్‌కు సొంత ప్రజాతులు వచ్చాయి.

అయినా వీటి బంధువులెవరో తెలియలేదు. 2005లో బెరెస్‌ఫోర్డ్ బృందం డీఎన్ఏను పరిశీలిస్తే స్పాట్-థ్రోట్, డాపుల్-థ్రోట్ దక్షిణాఫ్రికా షుగర్‌బర్డ్‌ల పక్కన నిలిచాయి. పొడవాటి తోకతో, ప్రోటియా పూల తేనె తాగుతూ ఎండలో తిరిగే షుగర్‌బర్డ్‌ను చూసి, నేలమీద మసిలే ఈ పిట్టలకు అది చుట్టమని ఎవరూ ఊహించలేరు. 2008 నాటి అధ్యయనంలో కకమెగా కూడా ఆ గుంపులోనే చేరింది. ఇప్పుడు ఈ మూడింటిదీ మాడ్యులాట్రిసిడే కుటుంబం.

డాపుల్-థ్రోట్ మొదట దొరికిన నములి కొండపై బంగాళాదుంప సాగు కోసం అడవిని నరుకుతున్నారు. ఇంత అరుదైన వంశం బతికే ఆ కొండను కాపాడటంలో ఇక ఆలస్యం తగదు.