సముద్రం ఒడ్డున సంగిడి రాళ్ళు

ఐస్‌లాండ్ పడమటి కొసన, స్నైఫెల్స్‌నెస్ ద్వీపకల్పంలో, నల్లటి గులకరాళ్ళ తీరం ఒకటుంది. గుట్ట దిగి వెళ్తే నున్నగా అరిగిన నాలుగు రాళ్ళు వరసగా పడుంటాయి. బరువులు 154 కిలోలు, 100, 54, 23. వచ్చినవాడల్లా చొక్కా చేతులు పైకి మడిచి ఓ పట్టు పట్టి చూస్తాడు. పక్కన పెళ్ళాం ఫోన్ పట్టుకుని నిలబడుతుంది. సిక్కోలువాణ్ణి, నాకు నవ్వాగలేదు. ఇంత దూరం వచ్చి చూస్తే మళ్ళీ సంగిడి రాళ్ళే!

అయితే మన సంగిడి సంక్రాంతి సరదా. ఎత్తితే ఈలలు, ఎత్తలేకపోతే వెక్కిరింతలు, అక్కడితో సరి. ఇక్కడిది కొలువు పరీక్ష. పక్కనే ఉన్న ద్రిత్‌విక్ ఒకప్పుడు పెద్ద చేపల రేవు. ఆ సముద్రంలో తెడ్లు వేసే పడవల మీద పోవాలంటే ఈ రాళ్ళని నడుమెత్తున్న బండ మీదికి చేర్చి చూపించాల్సి ఉండేది. 54 కిలోల రాయి ఎత్తలేనివాడికి పడవలో చోటుండేది కాదు. ఇంకా లోపలికి, హూసఫెల్‌లో, 186 కిలోల రాయి మరొకటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి పాదిరీ స్నోరి గొర్రెల దొడ్డి దగ్గర పెట్టించినదంటారు. దాన్ని ఛాతీకి హత్తుకుని దొడ్డి చుట్టూ నడిస్తేనే మొనగాడు. పాదిరీగారికి ప్రార్థనలతో పొద్దు పోయేది కాదేమో.

ఇలాంటి దేశంలో 1960లో యోన్ పాల్ సిగ్మర్సన్ పుట్టాడు. పవర్‌లిఫ్టింగ్‌తో పేరు తెచ్చుకుని 1981లో దేశపు ఉత్తమ క్రీడాకారుడయ్యాడు. ఆపైన ప్రపంచ బలశాలి పోటీల్లో, 1984, 86, 88, 90 సంవత్సరాల్లో, నాలుగుసార్లు గెలిచాడు. అంతకుముందు ఎవరూ నాలుగు గెలవలేదు. ఆ పోటీలో ఇనప కడ్డీలే కాదు, లారీలు లాగడం, దుంగలెత్తడం, పీపాలు విసరడం, అన్నీ ఉంటాయి.

యోన్ పాల్‌ని చూడాలంటే పాత వీడియోలే గతి. బంగారు రంగు జుట్టు, ఎర్రబడ్డ బుగ్గలు. మిగతావాళ్ళు బరువెత్తేటప్పుడు కళ్ళు మూసుకుంటారు, పళ్ళు కొరుకుతారు. ఇతను మెడ నరాలు తాళ్ళలా ఉబ్బి ఉండగానే మొహం జనం వైపు తిప్పి కబుర్లు చెబుతాడు. ఒకసారి గుంపులోంచి ఎవడో ఎస్కిమో అని ఎగతాళి చేస్తే, బరువు చేతుల్లో ఉండగానే, నేను ఎస్కిమోని కాదు, వైకింగ్‌ని అని గర్జించాడు. (గ్రీన్‌లాండ్‌వాళ్ళు ఆ ఎస్కిమో మాటని ఇష్టపడరు. ఇప్పుడైతే ఎవరూ అంత తేలిగ్గా చప్పట్లు కొట్టరు.)

నిజానికి వైకింగ్ అన్నది తర్వాత తొడుక్కున్న చొక్కా. ఈ దేశం వందల ఏళ్ళు మట్టిగడ్డల ఇళ్ళలో గొర్రెలు మేపుకుంటూ, చేపలు ఎండబెట్టుకుంటూ, డెన్మార్క్ కింద గడిపింది. స్వాతంత్ర్యం 1944లో వచ్చింది. ఆనక చేపల కోసం బ్రిటన్‌తో తగాదా. వాళ్ళు యుద్ధనౌకలు పంపితే, వీళ్ళ గస్తీ పడవలు వాళ్ళ వలల తాళ్ళు కోసేశాయి. 1976లో బ్రిటన్ దిగొచ్చి 200 మైళ్ళ హద్దు ఒప్పుకుంది. ఎనిమిదేళ్ళకి స్వీడన్‌లో, అప్పటి ఛాంపియన్, ఇంగ్లండ్ మాజీ పోలీసు జెఫ్ కేప్స్‌ని యోన్ పాల్ దించేశాడు. రాజు కిరీటం పోయిందని కేకేశాడు. రెండున్నర లక్షలమంది కూడా లేని దేశం ఆ కేకకి ఎందుకు పొంగిపోయిందో చేపల తగాదా తెలిస్తేనే తెలుస్తుంది. ఈ లంకె నాదే, చరిత్రకారులని అడక్కండి. మరుసటి ఏడు కేప్స్ కిరీటం తిరిగి పట్టుకుపోయాడు కూడా.

యోన్ పాల్‌ని చూస్తే నాకు మా కోడి రామమూర్తి గుర్తొస్తాడు. వీరఘట్టం బిడ్డ. విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టించుకున్నవాడు. ఒంటికి గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి ఫట్‌మని తెంపేవాడు. కలియుగ భీముడన్నాం, విశాఖ బీచ్‌లో విగ్రహం పెట్టాం. ఆయనకీ తెలుసు, గొలుసు తెగితే చాలదు, తెగే ముందు జనానికి ఊపిరాడకూడదు. చివరికి ఒక కాలే తీసేయాల్సొచ్చింది. బలాన్ని కళ్ళారా చూడ్డానికి టిక్కెట్టు కొంటాం, ఆ ఒళ్ళు పడే పాట్లు మనకక్కర్లేదు.

యోన్ పాల్ 1993 జనవరి 16న తన జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ చేస్తూ, అంటే నేల మీది కడ్డీని నడుముదాకా లేపుతూ, కుప్పకూలాడు. గుండె దగ్గరి పెద్ద ధమని చిట్లింది. వయసు ముప్ఫై రెండు. డెడ్‌లిఫ్ట్ చెయ్యలేని బతుకెందుకని అంతకుముందెప్పుడో సరదాగా అరిచాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వు సగంలో ఆగిపోతుంది. అతను పోయిన రోజు మన ముక్కనుమ. ఊళ్ళో కోడికూర, గారెలు, రామాలయం ముందు కుర్రాళ్ళ పందేలు. ఇక్కడ జనవరిలో పదకొండు దగ్గరపడితేగానీ తెల్లవారదు. పండగ పూట కాఫీ తాగుతూ చీకట్లోకి చూస్తుంటే ఊరు మరీ దూరమనిపిస్తుంది.

అతని తర్వాత మాగ్నుస్ వేర్ మాగ్నుసన్ నాలుగుసార్లూ, 2018లో హాఫ్‌థోర్ బ్యోర్న్‌సన్ ఒకసారీ గెలిచారు. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో కొండలాంటి మనిషి మీకు గుర్తుండే ఉంటాడు, అతనే హాఫ్‌థోర్. 2020 మేలో, కరోనా రోజుల్లో, తన జిమ్‌లోనే డెడ్‌లిఫ్ట్‌లో 501 కిలోలు ఎత్తాడు. అప్పటికి గొప్ప రికార్డే. కాని చూసే జనం లేరు. యోన్ పాల్ అయితే ఖాళీ కుర్చీలనైనా నవ్వించి, ఆ తర్వాతే కడ్డీ పట్టేవాడు.