నగిషీ – నాదం: బొబ్బిలి వీణ, బేస్ గిటార్ నిర్మాణచరిత్రల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

సాలూరు–బొబ్బిలి ప్రాంతం సంగీతవిద్యకూ, వీణ నిర్మాణానికీ పేరుపొందింది. ఈ ప్రాంతపు వీణను 20వ శతాబ్ది మధ్యలో రూపొందిన బేస్ గిటార్‌తో పోల్చి, వాద్యానికి పైకి కనిపించే అలంకారానికీ, చెవికి వినిపించే నాదానికీ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వాద్యరూపాన్ని కాపాడుకోవడం, దాని నాదాన్ని కాపాడుకోవడం ఒకటి కావని, రెండవదానికి ప్రత్యేకమైన నమోదు అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బొబ్బిలి వీణ, గొల్లపల్లి, సాలూరు, బేస్ గిటార్, పిక్‌గార్డ్, నాదం.

1. ఉపోద్ఘాతం

తూర్పుకనుమల పాదప్రాంతంలో, వేగావతి నది ఒడ్డున ఉన్న సాలూరు తెలుగు సంగీతాభిమానులకు ఇద్దరి వల్ల పరిచితం. ఘంటసాలకు విజయనగరంలో సంగీతం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి 'సాలూరి చినగురువుగారు'గా ప్రసిద్ధులు. సాలూరు సమీపంలోని శివరామపురంలో జన్మించిన సాలూరి రాజేశ్వరరావు (1922–1999) చలనచిత్ర సంగీతదర్శకుల్లో అగ్రగణ్యులు. సాలూరు నుంచి చిన్న శాఖా రైలుమార్గం బొబ్బిలికి చేరుస్తుంది. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. 17వ శతాబ్దంలో బొబ్బిలి సంస్థానం ఏర్పడిన కాలం నుంచే ఈ వృత్తికి రాజాదరణ ఉందని స్థానిక సంప్రదాయం చెబుతుంది. నేడు బొబ్బిలి వీణకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా ఉంది.

అయితే ఆ గుర్తింపు దేనికి? వీణ ఆకారానికా, నగిషీకా, నాదానికా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి దూరదేశపు వాద్యమొకటి తోడ్పడుతుంది. బేస్ గిటార్ వాదకుల్లో పాతకాలపు నమూనా పిక్‌గార్డ్‌ల మీద మక్కువ ఎక్కువ. మంచి నాదం మీద చర్చ అంతకన్నా ఎక్కువ. ఈ రెండింటినీ కలగలపడం వల్ల వచ్చే పొరపాటు మన వీణ విషయంలోనూ కనిపిస్తుంది.

2. బేస్ గిటార్: పలక చరిత్ర, నాద చరిత్ర

మనిషెత్తు ఉండే డబుల్ బేస్ ధ్వని బాకాలు, డ్రమ్ముల హోరులో వినిపించేది కాదు. దాన్ని మోసుకుపోవడమూ కష్టమే. కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ 1951లో విడుదల చేసిన ప్రెసిషన్ బేస్ ఈ రెండు ఇబ్బందులనూ తీర్చింది. మెట్లు ఉండటం వల్ల స్వరస్థానం కచ్చితంగా పలుకుతుందన్న అర్థంలోనే దానికి 'ప్రెసిషన్' అన్న పేరు వచ్చింది.

ఈ వాద్యానికి తొలుత నల్లని పిక్‌గార్డ్ ఉండేది. 1957లో వాద్యాన్ని సవరించినప్పుడు బంగారువన్నె అల్యూమినియం పలక వచ్చింది. 1959 ప్రాంతంలో తాబేటి చిప్పను పోలిన సెల్యులాయిడ్ పలక దాని స్థానం తీసుకుంది. గోరు, పిక్ తగిలి కొయ్య మెరుగు చెడకుండా కాపాడటం, మీటలనూ తీగలనూ కప్పి ఉంచడం దీని పని. లోహపు పలక అయితే విద్యుత్ రొదను కొంత అడ్డుకుంటుంది. అంతకుమించి నాదంలో దానికి పెద్ద పాత్ర లేదు. ఎందుకంటే ఇక్కడ ధ్వనిని అందుకునేది కొయ్య కాదు, తీగ కింద అమర్చిన అయస్కాంతపు పికప్. నాదాన్ని ప్రధానంగా నిర్ణయించేవి తీగల రకం, పికప్ ఉన్న చోటు, దాని ఎత్తు, వాదకుడి వేలు. మోటౌన్ సంస్థ రికార్డులకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ నునుపు చుట్టు తీగలను తెగేదాకా మార్చేవాడు కాదని, ఒకే వేలితో మీటేవాడని ప్రసిద్ధి. తీగల చివర స్పాంజి ముక్క ఒత్తిడి ఉండేది. పైస్థాయి ధ్వనులను అణచి, ఆధారస్వరాన్ని గుండ్రంగా నిలపడమే ఆ పద్ధతి ఫలితం.

అయినా పాతకాలపు పలకకు గిరాకీ తగ్గలేదు. 1960ల నాటి తెల్ల సెల్యులాయిడ్ పలకలు కాలక్రమంలో లేతపచ్చ ఛాయకు తిరిగాయి. నేడు ఆ ముదిసిన రంగులోనే కొత్త పలకలు తయారవుతున్నాయి. అంటే కాలం వేసిన ముద్రను ముందే అద్ది అమ్ముతున్నారన్నమాట. వాదకుడికి అది జ్ఞాపకం, గౌరవం. ఆ మక్కువను తప్పుపట్టనక్కరలేదు. నాదాన్ని మాత్రం అక్కడ వెదకకూడదు.

3. వీణ: కనిపించే భాగాలు, వినిపించే భాగాలు

బొబ్బిలి వీణ ప్రత్యేకత ఏకాండ నిర్మాణం. కుండ, దండి అతుకు లేకుండా ఒకే పనసమానులో తొలుస్తారు. కుండ మీది పలక మాత్రం వేరుగా చేసి అతికిస్తారు. 24 మెట్లను మైనపు మేళంలో నిలుపుతారు. మెట్లను ఈ విధంగా స్థిరపరచిన ఘనతను సంప్రదాయం తంజావూరు రఘునాథ నాయకుడి కాలానికి ఆపాదిస్తుంది. మెట్టు స్వరస్థానాన్ని నిశ్చయిస్తుందన్న సూత్రంలో వీణ, ప్రెసిషన్ బేస్ ఒకటే. నాదం పుట్టే తీరులో మాత్రం రెండింటిదీ చెరొక దారి.

వీణలో తీగ కంపనం గుర్రం మీదుగా పలకకు, పలక నుంచి కుండలోని గాలికి చేరుతుంది. గుర్రం పైనున్న లోహపు రేకు సమతలంగా ఉండదు, స్వల్పమైన వంపుతో ఉంటుంది. కంపించే తీగ ఆ వంపును తాకుతూ వదులుతూ ఉండటం వల్ల అనుస్వరాలు విస్తారంగా పుడతాయి. విశాఖపట్నంలో బాల్యవిద్య అభ్యసించిన సి.వి. రామన్ 1921లో భారతీయ తంత్రీవాద్యాలపై ప్రచురించిన పత్రంలో ఈ అంశాన్నే పరిశీలించారు. తీగను మీటిన బిందువు వద్ద నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు వినిపించకూడదని యంగ్–హెల్మ్‌హోల్ట్జ్ సూత్రం చెబుతుంది. వీణ, తంబురాలలో అవి వినిపిస్తాయని, అందుకు గుర్రం నిర్మాణమే కారణమని రామన్ నిరూపించారు. జేమర్సన్ బేస్‌లో స్పాంజి అణచివేసిన అనుస్వరాలనే వీణలో గుర్రపు రేకు పోషిస్తుంది. 'మంచి నాదం' అన్నది అన్ని వాద్యాలకూ ఒకే కొలత కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

ఇక అలంకారం. వీణ పలక అంచులకు, దండి పక్కలకు ఒకప్పుడు దంతపు పట్టీలు, లతల నగిషీ ఉండేవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1986లో వచ్చిన సవరణ తరువాత దంతానికి బదులు ప్లాస్టిక్ స్థిరపడింది. 19వ శతాబ్దంలో సెల్యులాయిడ్ ప్రచారంలోకి వచ్చింది కూడా దంతానికి ప్రత్యామ్నాయంగానే. గిటార్‌పై తాబేటి చిప్పను, వీణపై దంతాన్ని అనుకరించే ఈ పదార్థాల చరిత్ర ఒకే కుదురుకు చెందింది. పలక అంచు కుండకు బిగిసి ఉండే చోటు. అక్కడ కదలిక అత్యల్పం. కాబట్టి అంచుపట్టీ దంతం నుంచి ప్లాస్టిక్‌కు మారినా నాదానికి చెప్పుకోదగిన హాని లేదు. అదే బరువును పలక నడుమ అతికిస్తే నాదం మూగబోతుంది. నగిషీ అంచుల్లో నిలవడం కేవలం సౌందర్యదృష్టి మాత్రమే కాకపోవచ్చు.

4. మైకు ముందు వీణ

వీణ స్వభావతః మృదువైన వాద్యం. రాజాస్థానంలో, ఇంటి చావడిలో వినిపించిన గమకం పెద్ద సభలో చివరి వరుసకు చేరదు. ఈ సమస్య తీరిన చోట్లలో చలనచిత్ర స్టూడియో ఒకటి. మద్రాసు జెమినీ స్టూడియోలో 'చంద్రలేఖ' (1948) వంటి చిత్రాలకు పెద్ద వాద్యబృందాలను నడిపిన రాజేశ్వరరావు వద్ద వైణికుడు ఈమని శంకరశాస్త్రి (1922–1987) పనిచేశారు. శంకరశాస్త్రి శిష్యుడు చిట్టిబాబు (1936–1996) కూడా తొలినాళ్లలో చలనచిత్ర వాద్యబృందాలలో వీణ వాయించినవారే. మైకుకు దగ్గరగా వాయించినప్పుడు సన్నని గమకం కూడా శ్రోత చెవికి చేరుతుంది. కచేరీల్లో వీణకు కాంటాక్ట్ మైకు తగిలించడం తరువాతి కాలంలో సాధారణమైంది.

ఇక్కడ ఒక సాంకేతికాంశం గమనార్హం. అయస్కాంతపు పికప్ ఇనుము, ఉక్కు తీగల కదలికనే గుర్తిస్తుంది. వీణలో సారణి, పంచమం ఉక్కు తీగలు. మంద్ర, అనుమంద్రాలకు సంప్రదాయంగా ఇత్తడి తీగలు వాడతారు. బేస్ గిటార్ పికప్‌ను యథాతథంగా వీణకు అమరిస్తే వీణలోని 'బేస్' అయిన అనుమంద్రమే వినిపించకుండా పోతుంది. కొయ్య కంపనాన్ని అందుకునే కాంటాక్ట్ మైకుకు ఈ చిక్కు లేదు. కానీ అది పలక మీద ఎక్కడ కూర్చుందో ఆ చోటి ధ్వనినే వినిపిస్తుంది. కాబట్టి కచేరీలో వినిపించే నాదానికి తయారీదారు, వాదకుడితోపాటు మైకు అమర్చిన వ్యక్తి కూడా కర్తే.

5. ముగింపు

గొల్లపల్లిలో తయారయ్యే చిన్న వీణలు సన్మానసభల్లో జ్ఞాపికలుగా ఆదరణ పొందుతున్నాయి. వృత్తిదారులకు అవి జీవనాధారం కనుక వాటిని తక్కువ చేయరాదు. అయితే జ్ఞాపికలో యాళి ముఖం, నగిషీ, దండి వంపు ఉంటాయి, నాదం ఉండనక్కరలేదు. కచేరీ వీణలు తగ్గి జ్ఞాపికలు పెరిగితే చెయ్యికి రూపం అలవడుతుంది, చెవికి నాదం మరపున పడుతుంది. పిక్‌గార్డ్‌ను చిత్రం చూసి మళ్లీ చేయవచ్చు. గుర్రపు రేకును ఎంత అరగదీయాలో, పలకను ఏ మందంలో ఆపాలో చిత్రం చెప్పదు. ఆ జ్ఞానం పెద్దల వేళ్లలో, చెవుల్లో ఉంది.

అందువల్ల బొబ్బిలి వీణపై జరిగే పరిశోధన నగిషీ వర్ణనతో ఆగరాదు. ఒక్కొక్క కచేరీ వీణకు పలక మందం, కుండ గోడ మందం, గుర్రపు రేకు వంపు, మేళపు మైనం పాళ్లు, తీగల లోహం కొలిచి నమోదు చేయాలి. ప్రతి తీగ ధ్వనిని ముద్రించి, పనివారి మాటల్లోనే పని వివరాలను భద్రపరచాలి. 1919లో ఏర్పడిన విజయనగరం సంగీత కళాశాల, తెలుగు, భౌతికశాస్త్ర శాఖలు కలిసి చేయదగిన పని ఇది. రూపానికి గుర్తింపు లభించింది. నాదానికి లభించవలసినది ఈ నమోదే.