కొయ్య ఉంగరం, లక్క కవచం

రాత్రంతా నీళ్లలో నానినా లక్క కరగదు. చేతులకు రాసుకునే శానిటైజరు కాస్త తగిలితే మాత్రం మెత్తబడి, వేలికి జిగటగా అంటుకుంటుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక లక్క ఎక్కడ కనిపించినా ఆగి చూడటం నాకు అలవాటైపోయింది. లక్క నీటికి లొంగదు, ఆల్కహాల్‌కు లొంగుతుంది. వడ్రంగులు తలుపులకు పట్టించే స్పిరిట్ పాలిష్ కిటుకంతా ఇందులోనే ఉంది.

అడవి మీద మమకారంతోనో, బంగారం ధర చూసో ఈ మధ్య కొన్ని జంటలు కొయ్య ఉంగరాలు మార్చుకుంటున్నాయి. వాళ్లు మొదట అడిగేది నీళ్ల గురించే. స్నానానికి తీయాలా, అంట్లు తోమేటప్పుడు ఉండనివ్వచ్చా అని. మన పెళ్లిళ్లలో నీళ్లకూ ఉంగరానికీ ఉన్న చుట్టరికం పాతదే. బిందెలో ఉంగరం వేసి వధూవరుల చేత వెతికించే వేడుక చూడనివారుండరు. అందులో కొయ్య ఉంగరం వేస్తే ఇట్టే పైకి తేలుతుంది, ఆట అక్కడితో సరి. నీళ్ల కోసమే పుట్టిన ఉంగరం ఇంకొకటుంది. దర్భతో చుట్టి ఉంగరపు వేలికి పెట్టే పవిత్రం. సంకల్పానికి నీళ్లు వదిలినంతసేపు ఉంటుంది, పని కాగానే విప్పి పడేస్తారు. ఇంగ్లండులో 1217లో సాలిస్‌బరీ బిషప్ రిచర్డ్ పూర్, తుంగలాంటి గడ్డితో చేసిన ఉంగరం ఆడపిల్ల వేలికి తొడిగి పెళ్లి పేరుతో మోసం చేయొద్దని మగవాళ్లను హెచ్చరించాడు. మన వైపు గడ్డి ఉంగరం పూజలో పవిత్రం, అక్కడ అది మోసానికి గుర్తు.

కొయ్యను నీటి నుంచి కాపాడే విద్య మనకు వరాహ నది ఒడ్డున దొరుకుతుంది. తూర్పు కనుమల దిగువన, అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో. బొమ్మలు, కుంకుమ భరిణెలు, గాజులు అన్నీ అక్కడ అంకుడు కర్రతోనే. తెల్లగా, సన్నని పోగుతో ఉండే కర్ర అది. నరికిన మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. తరిమెన మీద కర్ర గిర్రున తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కణికను దానికి ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. పైన ఎండిన మొగలి ఆకు అదిమిపట్టి తిప్పితే, అప్పటిదాకా మసకగా, గరుకుగా ఉన్న పూత చూస్తుండగానే నునుపు తేలి అద్దమవుతుంది. బ్రష్షు లేదు, ఆరబెట్టడం లేదు. గోవాలో కొన్నేళ్లున్న డచ్చి యాత్రికుడు లిన్‌స్కోటెన్ 1596లో అచ్చయిన తన పుస్తకంలో ఇదే పని వర్ణించాడు. తిరిగే కర్రకు లక్క ఆనించడం, వేడికి అది కరగడం, తర్వాత ఎండు గడ్డితో మెరుగుపెట్టడం. నాలుగు వందల ఏళ్లు దాటినా పనితీరు మారలేదు. లక్క ప్రస్తావన మాత్రం ఇంకా పాతది, భారతంలోని లక్కయిల్లు మనకు తెలిసిందే.

లక్కను చేసేది చెట్టు కాదు, పురుగు. మోదుగ, రేగు లాంటి చెట్ల లేత కొమ్మలను పట్టుకుని రసం పీలుస్తూ, తన చుట్టూ తానే గూడు కట్టుకుంటుంది. 1781లో జేమ్స్ కెర్ ఈ పురుగు గురించి లండన్ రాయల్ సొసైటీ పత్రికకు రాశాడు. శాస్త్రజ్ఞులు పెట్టిన కెర్రియా అన్న పేరు ఆయనదే. ఇప్పుడు మన దేశపు లక్క ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కాలం ఈ పురుగు రెండు సొత్తులు ఇచ్చిన కాలం. కొమ్మల నుంచి గీకిన లక్కను దంచి నీళ్లలో పిసికి కడిగితే నీళ్లు ఎర్రబడతాయి. రంగు నీటిలోకి దిగిపోతుంది, జిగురు మాత్రం గింజల్లా అడుగున మిగిలిపోతుంది. నీరు దేనిని తీసుకుంటుంది, దేనిని వదిలేస్తుంది అన్నది ఈ ఒక్క తొట్టిలో తేటతెల్లమవుతుంది. ఆ ఎర్రనీటి నుంచే పెళ్లికూతురి పాదాలకు లత్తుక వచ్చింది, పట్టుకూ ఉన్నికీ ఎరుపు వచ్చింది. ఈస్టిండియా కంపెనీ నాళ్లలో ఆ రంగును గట్టి బిళ్లలుగా చేసి ఇంగ్లండుకు పంపేవారు. విలువంతా నీళ్లదే, జిగురు దాని వెనక నడిచేది. 1856లో రసాయన శాస్త్రజ్ఞుడు పెర్కిన్ కృత్రిమ రంగు కనిపెట్టాడు, 1869లో మంజిష్ఠ ఎరుపును జర్మన్లు ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ దెబ్బకు లక్క రంగు బేరం పడిపోయింది. జిగురుకు మాత్రం గిరాకీ పెరిగింది. అదే తొట్టి, అదే కడుగుడు. కానీ ఇప్పుడు ఎర్రనీళ్లు కాలవ పాలు, జిగురు ఓడ పాలు. చేతిలో ఉన్న ఇంత చక్కటి ఎరుపును పారబోసి, రసాయనపు ఎరుపు కొనుక్కోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

జిగురుకు ఆ గిరాకీ తెచ్చినవాటిలో గ్రామఫోను ఒకటి. 1890ల మధ్య నుంచి 1950ల దాకా, నిమిషానికి 78 చుట్లు తిరిగిన రికార్డులను రాతి పొడి కలిపిన లక్కతో అచ్చుపోసేవారు. మన తాతలు హరిశ్చంద్ర పద్యాలు విన్నది ఈ ప్లేట్ల మీదే. 1924లో రాంచీ దగ్గర నామ్‌కుంలో లక్క పరిశోధన సంస్థ వెలిసింది. 1942లో యుద్ధం వల్ల లక్క కరువై, అమెరికాలో రికార్డులకు ఇచ్చే లక్కకు ప్రభుత్వం కోత పెట్టింది. ఏటికొప్పాకలో గాజుకు పట్టే లక్కా పాట పట్టిన ఆ లక్కా ఒకే పురుగువి.

మళ్లీ నగల సంగతికి వస్తే, పైన అరకు కొండల్లో గిరిజనుల నగల్లో ఎక్కువ చోటు లోహానిది. గదబ స్త్రీల చెవులకు వేలాడే పెద్ద ఇత్తడి తీగ చుట్టల గురించి, చెట్ల నారతో వాళ్లు నేసుకునే కేరంగు బట్ట గురించి మానవశాస్త్రవేత్త థర్‌స్టన్ 1909లో రాశాడు. ఆ బట్ట ఇప్పుడు రోజువారీ కట్టులో అరుదు. పక్కనే బస్తరులో ప్రేమకు గుర్తు కొయ్యే. మురియా యువకులు మనసైన పిల్లకు దువ్వెన చెక్కి ఇవ్వడాన్ని మానవశాస్త్రవేత్త ఎల్విన్ నమోదు చేశాడు. రోజూ నూనె తలలో తిరిగే ఆ దువ్వెన ఏ కొయ్య ఉంగరం కంటేనైనా అదృష్టవంతురాలు.

ఏటికొప్పాకలోనూ ఒక దశలో రసాయన రంగులు చెట్టు రంగులను తోసేశాయి. అక్కడి కళాకారుడు సి.వి. రాజు పూనుకుని పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు, కరక్కాయ లాంటివి మళ్లీ లక్కలోకి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు, వేలికుండి అన్నంలో కలిసే వస్తువుకు అది చిన్న మేలు కాదు.

ఇక వేలి మీది ఉంగరం. తడిస్తే కొయ్య ఉంగరం బిగుసుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కర్ర పోగు వెంట దాదాపు ఉబ్బదు, పోగుకు అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే పలక నుంచి కోసిన ఉంగరం తడిస్తే గుండ్రం పోయి కోలగా తయారవుతుంది. ఆ ఉంగరంలో పోగు పొట్టిగా తెగిన చోట్లు ఎదురెదురుగా రెండుంటాయి, విరిగితే అక్కడే విరుగుతుంది. పలచటి చెక్కపొరను చుట్టలు చుట్టి అతికిన ఉంగరంలో పోగు వేలి చుట్టూ తిరుగుతుంది కనుక ఈ బెడద లేదు, జిగురు మంచిదైతే చాలు.

లక్క పూత ఉన్న ఉంగరం వాన చినుకులకు, చేయి కడుక్కునే నీళ్లకు జంకదు. గంటలకొద్దీ తడిలో ఉంటే పూత తెల్లగా పాలిపోతుంది. వేడి నీళ్లు దాన్ని మెత్తబరుస్తాయి. చాకలి సోడా, ఘాటు డిటర్జెంటు లాంటి క్షారాలు నెమ్మదిగా తినేస్తాయి. కాబట్టి అంట్లు తోమేటప్పుడూ, బట్టలు ఉతికేటప్పుడూ తీసి పెట్టాలి. మురికి పడితే చల్లటి కుంకుడు రసంలో ముంచిన గుడ్డతో తుడిస్తే చాలు, ఆ రసానిది కాస్త ఆమ్ల గుణం కనుక లక్క జోలికి పోదు.  తడిసిన ఉంగరాన్ని ఎండలో పెట్టకండి. పైన ఆరి లోపల తడి మిగిలితే పగులుతుంది. తుడిచి నీడన ఉంచాలి.

లక్క లేని ఉత్త కొయ్య ఉంగరానికి నూనె కావాలి. కొబ్బరి నూనె వద్దు, అది ఎన్నాళ్లకూ గట్టిపడదు. అవిసె నూనె గాలికి గట్టిపడి పొరకడుతుంది. నవంబరులో అరకు లోయను పచ్చగా పసుపు పూసినట్టు చేసే వలిసెల గింజల నూనెకూ ఆ గుణం ఉంది, కాకపోతే నెమ్మదిగా ఆరుతుంది.  ఈ నూనెల్లో ఏదైనా రెండు చుక్కలు రుద్ది, మిగులును పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేసి, కొన్ని రోజులు గాలికి వదలాలి. మందంగా వదిలేస్తే బంకగా మిగిలిపోతుంది. లక్క ఉంగరానికి ఈ నూనెలేవీ అక్కర్లేదు. పూత బాగా గీసుకుపోతే పనివారి దగ్గరకు తీసుకెళ్లండి. ఉంగరాన్ని కర్ర ములికికి బిగించి, తరిమెన మీద పాత లక్క గీకి, కొత్త కణిక పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెడితే పని అయిపోతుంది.