వెల్లుల్లికో జాతర

శాన్ హోసే నుంచి 101 ఫ్రీవే పట్టుకుని దక్షిణంగా ముప్ఫై మైళ్ళు పోతే గిల్‌రాయ్ అనే ఊరొస్తుంది. ఎండాకాలంలో ఆ ఊరి బోర్డు చదవక్కర్లేదు. కారు అద్దాలు మూసి ఉన్నా ముక్కే చెప్పేస్తుంది. (మా తెనాలి వైపు దాన్ని వెల్లుల్లి అంటాం, మా ఆవిడ వాళ్ళ కరీంనగర్‌లో ఎల్లిగడ్డ. పేరేదైనా ఘాటు ఒకటే!) బే ఏరియా తెలుగువాళ్ళకి ఈ ఊరితో పరిచయం రెండు రకాలు. ఒకటి, ఇండియా వెళ్ళేముందు బంధువులందరికీ బట్టలు కొనే ఔట్‌లెట్ షాపులు. రెండోది, ఏటా జూలై ఆఖరి వారాంతంలో జరిగిన వెల్లుల్లి పండగ.

మన ఇళ్ళల్లో చాలామంది పండగ వంటల్లో వెల్లుల్లిని గడప దాటనివ్వరు. వీళ్ళేమో దానికే పండగ చేశారు. తమాషా అక్కడితో ఆగలేదు. నలభై ఏళ్ళ పాటు దాన్ని నడిపింది జీతం తీసుకోని జనం. అదెలా సాధ్యమైందన్నదే నన్ను ఆకర్షించిన సంగతి.

ముందు వెల్లుల్లి కథ చెప్పుకోవాలి. ఆ నేలలో దాన్ని పెద్ద ఎత్తున పండించినవాళ్ళు ఎక్కువగా మనలాగే వలస వచ్చినవాళ్ళే. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని, జపాన్ నుంచి వచ్చినవి కొన్ని. కియోషి హిరాసాకీ అనే జపనీయ రైతుకి రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే ‘వెల్లుల్లి రాజు’ అని పేరు. అయితే ఏం లాభం, 1942లో పశ్చిమ తీరంలోని జపనీయ కుటుంబాలను ఇళ్ళూ పొలాలూ వదిలించి శిబిరాలకు తోలారు. ఇక ఊళ్ళో నాలుగు అక్షరాలు చదువుకున్నవాళ్ళకి ఆ వాసనంటే నామోషీ. అపార్ట్‌మెంట్లో పోపు వేసేముందు పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసే మనకి ఆ నామోషీ గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ నామోషీని తిరగేసినాయన రూడీ మెలోన్. గిల్‌రాయ్‌లోని గావిలన్ కాలేజీకి అధ్యక్షుడు. ఫ్రాన్సు ఉత్తరాన ఆర్లూ అనే చిన్న ఊరుంది. పొగబెట్టిన వెల్లుల్లికి ప్రసిద్ధి. ఆ ఊరు తానే ప్రపంచ వెల్లుల్లి రాజధానినని చెప్పుకుంటూ ఏటా సంబరం చేస్తుందనీ, దానికి ఎనభై వేలమంది వస్తారనీ ఆయన ఎక్కడో చదివాడు. మనం వాళ్ళకంటే ఎక్కువే పండిస్తున్నాం కదా, మనకేం తక్కువ అని రోటరీ క్లబ్బు మిత్రుల ముందు పెట్టాడు. మొదట నవ్వినవాళ్ళే ఎక్కువట. పెద్ద వెల్లుల్లి రైతు డాన్ క్రిస్టఫర్, రైతూ మంచి వంటగాడూ అయిన వాల్ ఫిలీచే మాత్రం చెయ్యి కలిపారు.

1979 ఆగస్టులో ఒక పొలంలో మొదటి పండగ జరిగింది. ఐదు వేలమంది వస్తారేమో అనుకుంటే పదిహేను వేలకు పైగా వచ్చారు. అప్పట్లో ఊరి జనాభాయే ఇరవై వేల చిల్లర! మన పెళ్ళిళ్ళలో రెండో పంక్తికే సాంబారు అయిపోతే వంటింట్లో జరిగే హడావుడి తెలిసినవాళ్ళు ఆ రోజు సంగతి ఊహించుకోవచ్చు. తర్వాత పండగ క్రిస్మస్ హిల్ పార్కుకు మారింది. ‘గూర్మే ఆలీ’ అని పేరు పెట్టిన ఆరుబయటి వంటశాలలో పెద్ద పెద్ద పెనాల మీద రొయ్యలు, స్క్విడ్ వేయిస్తూ ఆకాశానికి మంటలు లేపేవాళ్ళు. ఆ గరిటెలు పట్టినవాళ్ళు హోటల్ వంటవాళ్ళు కాదు, ఊళ్ళో జనమే. వెల్లుల్లి ఐస్‌క్రీం కూడా పెట్టేవాళ్ళు. నేను ఒక చెంచా తిన్నాను. రెండోది తినమని ఎవరినీ బలవంతం చెయ్యను.

ఇక అసలు కిటుకు. ఏటా సుమారు నాలుగు వేలమంది వాలంటీర్లు పనిచేసేవాళ్ళు. ఒకరు పార్కింగ్ చూస్తే, ఒకరు టిక్కెట్లు, ఒకరు చెత్త డబ్బాలు. ప్రతి ఒక్కరూ తాము ఏ బడి తరఫున, ఏ ఆటల జట్టు తరఫున, ఏ సేవాసంస్థ తరఫున పనిచేస్తున్నదీ చెబుతారు. ఎన్ని గంటలు పనిచేశారో లెక్క రాస్తారు. పండగయ్యాక ఆ గంటల ప్రకారం డబ్బు ఆ బడికో, జట్టుకో వెళుతుంది. ఎండలో నిలబడి చెత్త ఎత్తిన తండ్రికి తన గంట ఎక్కడికి పోయిందో తెలుసు. కూతురి బడి బ్యాండుకి కొన్న కొత్త వాయిద్యంలో అది కనిపిస్తుంది. అలా నలభై ఏళ్ళలో పంచిన మొత్తం కోటీ పది లక్షల డాలర్లకు పైనే.

మన ఊరి జాతరల్లోనూ పనుల పంపకం ఉండేది. డప్పు ఎవరిది, కుండలు ఎవరివి, దివిటీ ఎవరిది అన్నది పుట్టుకతోనే తేలిపోయేది. కులమే జాబితా. ఇక్కడ జాబితాలో ఎవరి పేరు వాళ్ళే రాసుకుంటారు. అమెరికాలో మన తెలుగు సంఘాల ఉగాది కూడా అంతే. నేను కొన్నేళ్ళుగా ఆ వాలంటీర్ల పట్టిక ఎక్సెల్‌లో నడుపుతున్నాను. పేరు, ఫోను, టీ షర్టు సైజు, అన్నిటికీ గడులున్నాయి. పనిచేసిన గంటకి గడి లేదు. అందుకే మా దగ్గర వేదిక మీద దండలు ఎవరికన్న తగాదా ఉంటుంది గానీ, గిన్నెలు కడిగిన చేతులకు లెక్క ఉండదు. సేవకి లెక్కేమిటని మనవాళ్ళు అంటారు. ఆ లెక్కే సేవని నలభై ఏళ్ళు నిలబెట్టిందని గిల్‌రాయ్ చెబుతోంది.

ఇంకో విచిత్రం చూడండి. పండగ పెరుగుతున్న కొద్దీ ఊళ్ళో వెల్లుల్లి తగ్గింది. చైనా నుంచి చౌక సరుకు దిగి ధరలు పడిపోతే 1994లో అమెరికా ప్రభుత్వం దానిమీద 376 శాతానికి పైగా సుంకం వేసింది. కాలిఫోర్నియా వెల్లుల్లి సాగులో ఎక్కువ భాగం తూర్పున సెంట్రల్ వ్యాలీకి తరలింది. గిల్‌రాయ్‌లో మిగిలింది ప్రధానంగా శుభ్రం చేసి, ఎండబెట్టి, ప్యాకింగ్ చేసే పని. ఆ వాసన అక్కడిదే. పంట పోయినా పండగ ఆగలేదంటే, అప్పటికే అది వెల్లుల్లిది కాదు, ఊరిది.

2019 జూలై 28, ఆదివారం సాయంత్రం. పండగ ముగుస్తున్న వేళ ఒకడు ఏటి వైపు కంచె కత్తిరించుకుని తుపాకీతో లోపలికొచ్చాడు. ముగ్గురు చనిపోయారు, అందులో ఇద్దరు పిల్లలు. పదిహేడుమంది గాయపడ్డారు. పోలీసులు నిమిషం లోపే వాణ్ణి ఎదుర్కొన్నారు. అయినా అంత ఘోరం జరిగింది. మేం ఆ ఏడు వెళ్ళలేదు. తెల్లవారుతూనే టీవీలో చూసి తెనాలి నుంచి అమ్మ చేసిన ఫోనుకి మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

2020లో కోవిడ్ వచ్చింది. 2021లో కారు దిగకుండా తిండి పొట్లాలు తీసుకెళ్ళే పద్ధతిలో ఏదో నడిపారు. కోర్టు కేసులూ నడిచాయి. చివరికి 2022లో నిర్వాహకులు పండగని నిరవధికంగా ఆపేస్తున్నామన్నారు. చెప్పిన కారణాలు రెండు, కోవిడ్ అనిశ్చితి, నగరం కోరిన స్థాయి బీమా. చేతులు కరువై ఆగిన పండగ కాదది. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఆగింది. నాలుగు వేలమంది గంటలు ఇవ్వగలరు. ఆ బాధ్యతని గంటల్లెక్కన పంచుకోలేరు. అదే ఏడాది చివర్లో డాన్ క్రిస్టఫర్ కన్నుమూశాడు. మెలోన్ అంతకు ముందే, 2016లో పోయాడు. పండగ డబ్బు మీద ఆధారపడ్డ జట్లూ, బడి సంఘాలూ వేరే దారులు వెతుక్కున్నాయి.

2025 జూలైలో పండగ మళ్ళీ వచ్చింది. పాత పార్కులో కాదు, గిల్‌రాయ్ గార్డెన్స్ పక్కన. రోజుకి మూడు వేల టిక్కెట్లే అమ్మారు. ఒకప్పుడు మూడు రోజుల్లో లక్షమంది దాకా వచ్చిన చోట మొత్తం తొమ్మిది వేలు. టిక్కెట్లన్నీ ముందే అయిపోయాయి. ఇంతేనా అని నిట్టూర్చినవాళ్ళున్నారు. నాకు మాత్రం 1979లో వాళ్ళు ఆశించింది ఐదు వేలమందినే కదా అనిపించింది. పెనాల కింద మళ్ళీ మంట పెట్టారు. గరిటె పట్టింది ఇప్పుడూ ఊరివాళ్ళే.