ఉగాది పచ్చడి : కృష్ణాతీరపు కొత్తపంటలు

సంవత్సరాదిని గూర్చి వ్రాసినవారు తరచుగా యుగారంభమును, తిథినిర్ణయమును, షడ్రుచుల వేదాంతార్థమును వివరించి విరమింతురు. ఆ రుచులు ఏ నేలనుండి, ఏ మాసమున ఇంటికి వచ్చినవను ప్రశ్న అరుదుగా వినబడును. కృష్ణానది ఉత్తరపు టొడ్డున, విజయవాడకు ఎగువనున్న ఇబ్రహీంపట్నమును, దాని చుట్టుపట్లను దృష్టియందుంచుకొని ఆ ప్రశ్నను విచారింతును.

పంచాంగములు చెప్పు విధి స్వల్పము. వేపపూవును శర్కర, ఆమ్లము, నేయి చేర్చి తొలిజామున భుజింపవలెను. ఉప్పు, కారము, మామిడి అందు పేర్కొనబడలేదు. తెలుగువాడు ఆమ్లమును చింతపండుగను, శర్కరను బెల్లముగను గ్రహించి, తక్కిన మూటిని చేర్చుకొనెను. చైత్రమునాటికి చింతపండు కొత్తది, గానుగాడిన చెఱకు బెల్లమైయుండును, మామిడి పిందెకట్టును, వేప పూచును, కల్లములలో మిరప ఎండును, సముద్రతీరమున ఉప్పుమళ్లు తెల్లబడును. కావున ఆఱు రుచులును ఆ ఋతువున చేతికందు సరకులే.

ఇచట ఒక ఆక్షేపము కలదు. మిరప అమెరికాఖండపు మొక్క. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చినది. అంతకుముందు ఘాటునకు ప్రధానమైనది మిరియము. అది మలబారునుండి కొనితెచ్చుకొనవలసినది. నేటికిని కొన్ని ఇండ్ల పచ్చడిలో మిరియపుపొడియే వేయుదురు. కావున అన్నియు ఈ సీమలో పండినవేయైన పచ్చడి అనాదిసిద్ధమని చెప్పరాదు. సనాతనమని మనము తలంచు ఈ ఆహారము పంటలతోపాటు మాఱుచు వచ్చినది.

1832 ఉగాదితో ఆరంభమైన వత్సరము పేరు నందన. పేరు ఆనందమును సూచించినను, ఆ యేడు ఆవలియొడ్డున గుంటూరు సీమను ఘోరమైన కరవు కబళించెను. పిదప 1852-55 నడుమ విజయవాడయొద్ద ఆనకట్ట కట్టిరి. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. ఆనకట్ట దిగువన వరి ప్రబలి, సంక్రాంతి దాని పండుగయైనది. వరికోతకు ముందు చేలో చల్లిన మినుము, పెసర మాఘ ఫాల్గుణములలో చేతికి వచ్చి ఉగాది గారెలకు ఆధారమైనవి. ఎగువనున్న ఇబ్రహీంపట్నమునకు ఆ కాలువల పాఱుదల అందదు. అచట జొన్న, కంది మొదలగు మెట్టపైరులకు వానయే దిక్కు. ఒకే యేటి గట్టున, ఒకే దినమున, రెండు వ్యవసాయముల ఫలము రెండు విస్తళ్లలో కానవచ్చెను.

1979 నుండి ఇబ్రహీంపట్నము తాపవిద్యుత్కేంద్రమునకు నెలవైనది. 2015లో పట్టిసీమనుండి వచ్చిన గోదావరీజలములు ఇచటనే కృష్ణలో గలిసినవి. నేడు వేపపూవు సహితము విజయవాడ బజారులలో పొట్లములుగా అమ్ముడగుచున్నది.

పంచాంగశ్రవణము రాబోవు పంటను ఊహించును. పచ్చడి వచ్చిన పంటను లెక్కించును. నందన వత్సరము మొదటిదానిని నమ్మరాదని నేర్పినది. రెండవది గ్రామచరిత్రకు సాక్ష్యము. ఏ యింట ఏ దినుసు పెరటిది, ఏది కొన్నదియో పెద్దలు చెప్పగలిగినంతలోనే ఊరూరను వ్రాసికొనుట మన తక్షణకర్తవ్యము.